అనులోమానుపాతం లెక్కలు: ఏకవస్తు పద్ధతి నేర్పాలా, నిష్పత్తి పద్ధతి నేర్పాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ పాప ఏడో తరగతి. బడిలో మేడం ఏకవస్తు పద్ధతిలో (ముందు ఒకదానికి ఎంతో కనుక్కుని, దాంతో మిగతాది చేయడం) చేయిస్తున్నారు. ట్యూషన్ సారేమో "అంత పొడుగెందుకు, అడ్డగుణకారం కొట్టెయ్" అంటున్నారు. ఇద్దరి మధ్య పాప నలిగిపోతోంది. మొన్నటి పరీక్షలో "12 మంది కూలీలు 10 రోజుల్లో పత్తి ఏరితే 15 మంది ఎన్ని రోజుల్లో ఏరుతారు?" అన్న లెక్కకు పన్నెండున్నర రోజులని రాసి వచ్చింది. ఏ పద్ధతి మంచిది, పరీక్షలో ఏది రాస్తే మార్కులు పోవు అని అడిగారు.

సూటిగా చెప్తాను: రెండు పద్ధతులూ సరైనవే, జవాబు ఒకటే వస్తుంది. ముందు ఏకవస్తు పద్ధతి గట్టిపడనివ్వండి, తర్వాత "ఎన్ని రెట్లు" అని చూసే నిష్పత్తి పద్ధతి. అడ్డగుణకారం అన్నిటికంటే ఆఖరున. కానీ మీ పాప తప్పు చేసింది పద్ధతి దగ్గర కాదు. అది అనులోమానుపాతమా (ఒకటి ఎన్ని రెట్లైతే రెండోదీ అన్నే రెట్లవుతుందా) కాదా అని చూడకుండానే లెక్క మొదలుపెట్టింది. దాని సంగతి కింద చెప్తాను, నిజానికి అదే అసలు సంగతి.

నేను పాత పాలమూరు జిల్లా బడుల్లో 27 ఏళ్లుగా లెక్కలు చెప్తున్నాను. ఈ పాఠం చెప్పని సంవత్సరం లేదు. పిల్లలు ప్రతి ఏడూ అవే మూడు నాలుగు చోట్ల జారిపడతారు.

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. 5 కిలోల పల్లీలు 600 రూపాయలు. 8 కిలోలు ఎంత? పాపతో నాలుగు గళ్లు గీయించండి. పై వరుసలో 5 కిలోలు, పక్కన 600 రూపాయలు. కింది వరుసలో 8 కిలోలు, పక్కన ప్రశ్నార్థకం. ఇప్పుడు ఈ పట్టికను రెండు దిక్కుల్లో చూడొచ్చు.

అడ్డంగా చూస్తే, 5 నుంచి 600కు ఎలా వెళ్లాం? 120తో గుణించి. ఆ 120 ఒక కిలో ధర. అదే 120తో 8ని గుణిస్తే 960. ఇదే ఏకవస్తు పద్ధతి. నిలువుగా చూస్తే, 5 కిలోల నుంచి 8 కిలోలకు వెళ్లాం, అంటే 8/5 రెట్లు. డబ్బు కూడా అన్నే రెట్లు కావాలి: 600 × 8/5 = 960. ఇది నిష్పత్తి పద్ధతి. ఒకే పట్టిక, అడ్డంగా చూస్తే ఒక పద్ధతి, నిలువుగా చూస్తే ఇంకో పద్ధతి. ఈ ఒక్క బొమ్మ పాప మనసులో పడితే మేడానికీ ట్యూషన్ సారుకీ మధ్య తగువే లేదు.

మరి అడ్డగుణకారం? 5 : 8 :: 600 : ? అని రాసి, అంత్యముల (మొదటిదీ చివరిదీ) లబ్ధం మధ్యమముల (మధ్యలోని రెండూ) లబ్ధానికి సమానం అంటాం. 8 × 600 = 4800, దాన్ని 5తో భాగిస్తే 960. తప్పేమీ లేదు. కానీ మధ్యలో వచ్చిన ఆ 4800 ఏమిటని పాపను అడిగి చూడండి. రూపాయలా? కిలోలా? తను చెప్పలేదు. అంగడిలో తూకం వేసే దుకాణదారూ చెప్పలేడు. ఏకవస్తు పద్ధతిలో వచ్చిన 120 మాత్రం ఒక కిలో ధర అని చిన్నపిల్లకు కూడా తెలుసు. మధ్యలో వచ్చే అంకెకు అర్థం ఉంటే తప్పు జరిగినప్పుడు అక్కడే దొరుకుతుంది. "ఒక కిలో పల్లీలు 12 వేలు" అని వస్తే పిల్ల తనంతట తనే నవ్వుకుని కొట్టేస్తుంది. అర్థం లేని అంకెను చూసి ఎవరికీ నవ్వు రాదు. ఏకవస్తు పద్ధతి ముందు రావాలి అనడానికి నా కారణం ఇదే. పొడుగు, పొట్టి అన్నది నాకు పట్టింపు లేదు.

అలాగని ఏకవస్తు పద్ధతి ప్రతిచోటా సుఖంగా నడవదు. కొన్నేళ్ల కింద తరగతిలో ఈ లెక్క ఇచ్చాను: 7 నోటుబుక్కులు 200 రూపాయలైతే 21 నోటుబుక్కులు ఎంత? ఒక అమ్మాయి 200ను 7తో భాగించి 28.57 అని రాసుకుంది, 21తో గుణించింది, 599.97 వచ్చింది. పక్కనున్న పిల్లవాడు 21 అంటే 7కు మూడు రెట్లు కదా అని 600 రాశాడు. అమ్మాయి లేచి నిలబడి, "సార్, నా మూడు పైసలు ఎటు పోయినయి?" అంది. ఆ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. ఆ పైసలు 28.57 దగ్గరే పోయాయి, ఎందుకంటే 200/7 అక్కడితో తెగదు, 28.571428... అని నడుస్తూనే ఉంటుంది. మందు ఏమిటంటే, తెగని భాగహారం వస్తే దశాంశంగా మార్చకుండా 200/7 అనే ఉంచుకుని ముందుకు పోవడం. 200/7 × 21. అప్పుడు 7, 21 కొట్టుకుపోయి 600 శుభ్రంగా వస్తుంది.

పాతకాలం వాళ్లకు ఈ ఇబ్బంది లేదు. మా తాతల తరం దీన్ని త్రైరాశికం అనేది. తెలిసిన మూడు రాశులతో నాలుగోది పట్టుకోవడం. ఆర్యభటుడు క్రీ.శ. 499లోనే ఈ సూత్రం చెప్పాడు: ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించు. మన పల్లీల లెక్కలో 5 కిలోలు ప్రమాణం, 600 రూపాయలు ఫలం, 8 కిలోలు ఇచ్ఛ. గుణకారం ముందు, భాగహారం చివర, కాబట్టి మధ్యలో పైసలు జారిపోవు. మీ ట్యూషన్ సారు చెప్పేదీ ఒకరకంగా ఇదే. ఆయన్ని మరీ తప్పుపట్టకండి.

ఇప్పుడు నాకే పాఠం చెప్పిన పిల్లవాడి సంగతి. జాతీయ రహదారి 44 మీద బాలానగర్ దాటేటప్పుడు సీతాఫలాల కాలంలో రోడ్డు పక్కన గంపలు పెట్టుకుని అమ్ముతుంటారు, చూసే ఉంటారు. మా తరగతిలో ఒకడు సెలవు రోజుల్లో వాళ్లమ్మతో కలిసి అక్కడ కూర్చునేవాడు. బడిలో లెక్కలంటే వాడికి జ్వరం. నేను బోర్డు మీద "12 సీతాఫలాలు 90 రూపాయలు, 20 ఎంత?" అని రాసి, ఒక పండు ధర కోసం 90ని 12తో భాగిస్తున్నాను. వెనక బెంచీ నుంచి "నూటయాభై" అన్నాడు. ఎట్ల వచ్చిందిరా అంటే, "నాలుగు పండ్లకు ముప్పై సార్. ఇరవైల నాలుగులు ఐదు."

వాడు ఒకటికి రాలేదు, నాలుగుకు వచ్చాడు. 12, 20 రెండూ 4తో పోతాయి కాబట్టి అక్కడే ఆగాడు. ఏకవస్తు పద్ధతిలో "ఒకటి" అనేది ఏ లెక్కలోనైనా పనికొచ్చే మజిలీ, అంతే. దగ్గరలో ఇంకా మంచి మజిలీ దొరికితే అక్కడే ఆగొచ్చు. గసాభా (రెండు సంఖ్యలనూ శేషం లేకుండా భాగించే అతి పెద్ద సంఖ్య) నేర్పేటప్పుడు దాని ఉపయోగం ఏమిటని పిల్లలు అడుగుతారు కదా, ఇదిగో ఇక్కడ. ఆ రోజు నుంచి నేను లెక్క ఇవ్వగానే "ఒకటికి రావాలా, ఇంకెక్కడైనా ఆగొచ్చా?" అని అడుగుతున్నాను. కానీ ఒక జాగ్రత్త. ఏకవస్తు పద్ధతి ఇంకా నిలదొక్కుకోని పిల్లలకు ఇది ముందే చెప్తే గందరగోళం. మీ పాపకు ఒక నెల ఆగి చెప్పండి.

పిల్లలు బాగా జారిపడే ఇంకో చోటు: ఒకటికి తేవాలి సరే, దేన్ని? మా బామ్మర్ది మిర్యాలగూడలో రైస్ మిల్లులో పనిచేస్తాడు. ప్రభుత్వం ఇచ్చిన వడ్లను మర పట్టించి తిరిగి ఇచ్చేటప్పుడు క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అని లెక్క. పచ్చి బియ్యమే తీసుకుందాం. 45 క్వింటాళ్ల వడ్లకు బియ్యం ఎంత అంటే అందరూ చేస్తారు: 45 × 67 = 3015 కిలోలు. ప్రశ్నను తిప్పి 201 కిలోల బియ్యం రావాలంటే వడ్లు ఎన్ని కావాలి అంటే సగం తరగతి 201 × 67 ÷ 100 చేసి 134.67 అని రాస్తుంది. నూటముప్పై నాలుగు కిలోల వడ్లలో నుంచి రెండు వందల ఒక కిలో బియ్యం! అలాంటి మిల్లు ఉంటే మా బామ్మర్ది రేపే అందులో చేరతాడు.

దీనికి మా సారు మాకు చెప్పిన చిట్కా నేటికీ పనిచేస్తుంది. అడిగిన రాశిని ఎప్పుడూ కుడి పక్కన, చివర రాయాలి. అడిగింది వడ్లు కాబట్టి "67 కిలోల బియ్యానికి 100 కిలోల వడ్లు" అని వాక్యాన్ని తిప్పి రాసుకోవాలి. ఎడమ పక్కన ఉన్నదే ఒకటికి వస్తుంది. ఇక్కడ బియ్యం ఎడమన ఉంది, 67 నుంచి 201 అంటే మూడు రెట్లు, వడ్లు 300 కిలోలు. ఒకటికి తేవాల్సిన పనే పడలేదు.

ప్రమాణాల సంగతి ఒక్క మాటలో: ఒకచోట కిలోలు, ఒకచోట గ్రాములు ఉంటే ముందు రెండూ ఒక్కటి చేయాలి. భూమి లెక్కల్లో అయితే ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఇవి ఇంట్లో మాట్లాడే మాటలే, పాప చేత చేయించండి.

ఇక అసలు సంగతి. పై లెక్కలన్నీ ఒక నమ్మకం మీద నడిచాయి: ఒకటి రెట్టింపైతే రెండోది కూడా రెట్టింపవుతుంది, సగమైతే సగమవుతుంది, ఒకటి సున్నా అయితే రెండోదీ సున్నా. ఇది నిజమైతేనే అనులోమానుపాతం. "ఒకటి పెరిగితే రెండోదీ పెరుగుతుంది" అని మాత్రమే నేర్పితే చాలదు. చాలామంది అంతటితో ఆపేస్తారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది. వయసు పెరిగితే ఎత్తు పెరుగుతుంది, కానీ పదేళ్ల పిల్ల నాలుగున్నర అడుగులుంటే ఇరవై ఏళ్లకు తొమ్మిది అడుగులు కాదు. కరెంటు వాడకం పెరిగితే బిల్లు పెరుగుతుంది, కానీ స్లాబులుంటాయి, యూనిట్లు రెట్టింపైతే బిల్లు రెట్టింపు కాదు, ఇంకా ఎక్కువే వస్తుంది. చతురస్రాకారపు మడి భుజం రెట్టింపు చేస్తే వైశాల్యం నాలుగు రెట్లు. రెండు చొక్కాలు ఎండలో గంటలో ఆరితే ఆరు చొక్కాలు మూడు గంటలు కాదు కదా, తీగ మీద చోటుంటే అదే గంట.

ఈ విషయంలో నేనూ బోల్తా పడ్డాను. ఒకసారి బడి వార్షికోత్సవానికి 250 మంది పిల్లలకు వంట. మధ్యాహ్న భోజనంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు తలా 150 గ్రాముల బియ్యం లెక్క, కాబట్టి 37.5 కిలోలు అని చెప్పాను. అంతవరకు బాగానే ఉంది. అంతటితో ఊరుకోకుండా, ఇంట్లో గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు పోస్తాం కదా అని అదే నిష్పత్తిలో నీళ్ల లెక్క కూడా వేసి ఇచ్చాను. వంట చేసే అక్క వద్దంటూనే ఉంది. లెక్కల సారు మాట కాదనలేక పోసింది. అన్నం ముద్దయింది. ఇంటి గిన్నెలో ఆవిరైపోయే నీళ్ల వంతు ఎక్కువ, పెద్ద డేగిసాలో బియ్యంతో పోలిస్తే ఆ వంతు తక్కువ. బియ్యం మనుషుల లెక్కన పెరుగుతుంది, నీళ్లు ఆ లెక్కన పెరగవు. ఆ తర్వాత ఆ అక్క నాతో ఖరాకండీగా చెప్పింది: "సారూ, బియ్యం లెక్క మీది, నీళ్ల లెక్క నాది."

ఇప్పుడు మీ పాప రాసిన పన్నెండున్నర రోజుల దగ్గరకు వద్దాం. 12 మందికి 10 రోజులు, 15 మందికి? అడ్డగుణకారం కొడితే 15 × 10 ÷ 12 = 12.5. అంకెలన్నీ కరెక్టే. ఇదే జవాబు మా తరగతిలో ఒకమ్మాయి చెప్తే, సెలవులు రాగానే అమ్మానాన్నలతో పనుల మీద పోయి వచ్చే పిల్లవాడొకడు పకపకా నవ్వాడు. "మంది పెరిగితే పని లేటయితదా సార్? అట్లయితే మేస్త్రీ ఎందుకు పిలుస్తడు మమ్ముల?" పాలమూరు పిల్లలకు కూలీల లెక్క పుస్తకంలో నేర్పాల్సిన పని లేదు, పుస్తకంలో ఉన్నది అదేనని గుర్తు చేస్తే చాలు.

ఇది విలోమానుపాతం. మంది రెట్టింపైతే రోజులు సగం. ఏకవస్తు పద్ధతి ఇక్కడ కూడా పనిచేస్తుంది, ఒక్కడికి ఎంత అన్న చోట భాగహారం బదులు గుణకారం వస్తుంది. 12 మందికి 10 రోజులైతే ఒక్కడే ఏరితే 120 రోజులు. 15 మంది పంచుకుంటే 8 రోజులు. ఆ 120కి అర్థం ఉంది చూశారా, అది మొత్తం పని. రైతు నోట "నూటిరవై కూలీలు పడ్డరు" అన్న మాట విని ఉంటారు, సరిగ్గా అదే. పాప "ఒక్కడే ఏరితే" అన్న వాక్యం రాసి ఉంటే ఆ ఒక్కడికి 12 మంది కంటే తక్కువ రోజులు పడతాయని రాసే అవకాశమే లేదు. అడ్డగుణకారంలో ఆ వాక్యం ఉండదు, అందుకే అది ముందు నేర్పొద్దన్నాను.

ఇదే కూలీల మీద ఇంకో ప్రశ్న వేయండి: 12 మందికి రోజుకు 6000 రూపాయల కూలి అయితే 15 మందికి ఎంత? 7500. ఇది అనులోమం. మనుషులు వాళ్లే, చేను అదే. అడిగింది రోజులైతే విలోమం, డబ్బయితే అనులోమం. ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి చేయిస్తే తేడా పట్టుబడుతుంది. వేర్వేరు అధ్యాయాలుగా చేయిస్తే పిల్లలు అధ్యాయం పేరు చూసి పద్ధతి ఎంచుకుంటారు. పరీక్షలో అధ్యాయం పేరు ఉండదు కదా.

రెండు రాశులు కలిసి మారే లెక్కలు ఎనిమిదిలో వస్తాయి. వాటికి భయపడనక్కర్లేదు, ఊళ్లో వడ్డీ లెక్క అదే. నూటికి రెండు రూపాయలంటే నెలకు వందకు రెండు. 15,000కు నెలకు 300. ఎనిమిది నెలలకు 2400. ఒక్కొక్క మెట్టు, ఒక్కొక్క అనులోమం. పనిలో పనిగా అది ఏడాదికి నూటికి 24 అని పాపకు చెప్పండి, పెద్దయ్యాక పనికొస్తుంది.

పరీక్ష సంగతి అడిగారు. నేను పేపర్లు దిద్దేటప్పుడు ఏ పద్ధతిలో చేసినా సోపానాలు సరిగ్గా ఉంటే పూర్తి మార్కులు వేస్తాను, నాకు తెలిసిన తోటి టీచర్లూ అంతే. ప్రశ్నలోనే "ఏకవస్తు పద్ధతిలో సాధించండి" అని ఉంటే మాత్రం అదే రాయాలి. మార్కులు పోయేది ఎక్కువగా ఇంకోచోట: "1 కిలో ధర = 600 ÷ 5 = 120 రూపాయలు" అని రాయాల్సింది ఉత్త 120 అని పడేయడం, చివరి జవాబుకు రూపాయలనో కిలోలనో రాయకపోవడం.

ఇంట్లో చేయించడానికి నా సలహా, వారం రోజులు లెక్కలు చేయించకండి. రోజుకు ఐదారు ప్రశ్నలు చదివి వినిపించి, అనులోమమా, విలోమమా, రెండూ కాదా అని మాత్రం అడగండి. పెన్ను పట్టుకోనివ్వకండి. బస్సు ఒకే వేగంతో పోతుంటే గంటలూ దూరమూ. అదే దూరానికి వేగమూ సమయమూ. బావి తవ్వే మనుషులూ రోజులూ. ఒకేసారి చూసినప్పుడు కరెంటు స్తంభాల ఎత్తులూ వాటి నీడలూ. ఫోన్ రీచార్జి డబ్బూ రోజులూ. ఈ చివరిదానికి దుకాణం ముందున్న ధరల పట్టిక చూసి తనే తేల్చుకోమనండి.

ఒక ప్రశ్న మాత్రం జాగ్రత్తగా అడగండి. "బోరు 2 గంటలు నడిస్తే అరెకరం తడుస్తుంది. 6 గంటలు నడిస్తే?" పోయినేడు దీని మీద మా తరగతిలో ఒక పీరియడంతా గొడవ. నేను ఎకరంన్నర అన్నాను. అచ్చంపేట వైపు నుంచి వచ్చే పిల్లవాడు ఒప్పుకోలేదు. "మా బోరు నాలుగు గంటలు పోసి ఆగిపోతది సార్, మళ్ల నీళ్లు ఊరాలె. ఎకరమే." వాడి నోటుబుక్కులో ఎకరం అనే ఉంది, పక్కన కారణం కూడా రాశాడు. నేను టిక్కు పెట్టాను.